కింది నుంచి నాలుగవ పేరు



నేను స్వభావతః తగవులమారిని కాను. 34 ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని. సంధులు, సమాసాలు, యతిస్థానాలు తప్ప మరొక విషయం మీద ఎవరితోనూ వాదానికి దిగిన జ్ఞాపకం లేదు. కానీ ఆ మధ్య మా లెక్కల మాస్టారు అన్న మాట ఒకటి మనసులో ముల్లులా నిలిచిపోయి ఈ టపా రాయిస్తున్నది. మేమిద్దరం ఒకే బడిలో 19 ఏళ్ళు కలిసి పనిచేశాము. ఆయన సజ్జనుడు, మా కుటుంబానికి శ్రేయోభిలాషి. పరాయివాడు అని ఉంటే విని ఊరుకొనేవాడిని. ఆయన అన్నారు కనుకనే ఊరుకోలేకపోతున్నాను.

సంగతి ఇది. మా అమ్మాయి ఇంగ్లండు ఉత్తర భాగంలో, లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండల సీమకు అంచున ఉన్న ఊళ్ళో వైద్యురాలు. మూడేళ్ళుగా ఆమెకు 'ఫెల్ రన్నింగ్' అలవాటయింది. కొండ మీదికి పరిగెత్తి ఎక్కి, పరిగెత్తి దిగడమే ఆ ఆట. కిందటిసారి నేను అక్కడ ఉండగా ఒక శనివారం ఆమె పాల్గొన్న పందెం చూడడానికి వెళ్ళాను. ఆ రాత్రి ఫలితాల పట్టికను సెల్‌ఫోనులో మాస్టారికి పంపాను. మొత్తం 163 పేర్లు. మా అమ్మాయిది 160వ పేరు.

మరునాడు ఆయన ఫోను చేశారు. "పంతులుగారూ, పైనుంచి వెతికి వెతికి అలసిపోయాను. కింది నుంచి చూస్తే నాలుగో పేరు కదండీ! మొదట వచ్చినవాడికి ఏమిచ్చారు?" అని అడిగారు. ఒక ద్రాక్షసారాయి సీసా, బూట్ల దుకాణంలో చెల్లే చిన్న చీటీ ఇచ్చారని చెప్పాను. ఆయన నవ్వి, "ర్యాంకా లేదు, రూపాయా లేదు, పైపెచ్చు ప్రాణానికి ముప్పు. వైద్యం చదివిన పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, ఆ వానలో, ఆ బురదలో ఎందుకండీ? మీరైనా చెప్పి మాన్పించండి" అన్నారు.

ఆయన లెక్కల మాస్టారు కనుక అభ్యంతరాలను ఒకటి, రెండు, మూడు అని వరుస పెట్టి ఇచ్చారు. నేనూ వరుసగానే జవాబు చెబుతాను. అన్నిటిలోకి బరువైనది ప్రాణభయం గనుక దానితోనే మొదలుపెడతాను. అంతకు ముందు ఆ ఆట ఏమిటో రెండు మాటలు.

'ఫెల్' అన్న మాట మా అల్లుడి నోట మొదటిసారి విన్నప్పుడు నేను 'ఫెయిల్' అనుకొని, పరీక్ష తప్పినవారి పరుగేమో అని భ్రమపడ్డాను. తరువాత తెలిసింది, అది ప్రాచీన నార్స్ భాషలో కొండకున్న పేరు అని. వెయ్యేళ్ళ కిందట సముద్రం దాటి వచ్చి ఆ సీమలో స్థిరపడిన స్కాండినేవియా జనం వదిలి వెళ్ళిన మాట. రాజ్యాలు పోయాయి, కొండ పేరు మిగిలింది. భాషాభిమానికి ఆ ఒక్క సంగతి చాలు, ఆ ఆట మీద ఆదరం కలగడానికి.

ఈ పందేలకు ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ అనే సంఘం ఉన్నది. 1970లో ఏర్పడింది. పందేలను ఏ, బీ, సీ అని వర్గీకరిస్తారు. 'ఏ' తరగతి కావాలంటే సగటున కిలోమీటరుకు కనీసం 50 మీటర్ల ఎక్కుడు ఉండాలి, దారిలో రోడ్డు భాగం అయిదో వంతుకు మించరాదు. ఆరు మైళ్ళలోపు చిన్నవి, 12 మైళ్ళు దాటితే పెద్దవి. చాలా పందేలలో దారి పొడుగునా జెండాలు, బాణం గుర్తులు ఉండవు. ఫలానా శిఖరం తాకాలి, ఫలానా చోట మనుషులు మీ అంకె రాసుకొంటారు, నడుమ దారి మీరే చూసుకోవాలి. పటమూ దిక్సూచీ చదవడం రానివాడికి కాళ్ళలో ఎంత సత్తువ ఉన్నా మంచు కమ్మితే చాలు, అంతా వృథా.

ఇక ప్రాణభయం. దానిని నేను తేలిక చేసి మాట్లాడను. 1978లో యార్క్‌షైర్ త్రీ పీక్స్ పందెంలోను, 2012 ఏప్రిల్‌లో బటర్‌మియర్ దగ్గర జరిగిన పందెంలోను పరుగుకు వెళ్ళినవారు చలి దెబ్బకు చనిపోయారు. వారికోసం ఇళ్ళలో ఎదురుచూసినవారు ఉన్నారు. ఆ ఆట గొప్పదని చెప్పడానికి ఆ మరణాలను కప్పిపుచ్చేవాడు దానికి మిత్రుడు కాడు.

కానీ మాస్టారూ, ప్రమాదం ఉన్నదని చెప్పడం వేరు, ఆ మనుషులు బాధ్యత ఎరుగనివారని చెప్పడం వేరు. అక్కడి చలి స్వభావం గమనించండి. పరిగెత్తుతున్నంతసేపు దేహం తనను తాను కాచుకొంటుంది. కాలు మడతపడి ఆగిన క్షణం నుంచి తడిసిన బట్టలు, గాలి కలిసి ఆ వేడిని లాగేస్తాయి. మంచు కురిసే కాలమే కానక్కరలేదు, వేసవిలోనైనా శిఖరం మీద వాన, గాలి కలిస్తే చాలు. అందుకే ఒంటినంతటినీ కప్పే వాననిరోధక దుస్తులు, టోపీ, చేతితొడుగులు, పటం, దిక్సూచి, ఈల, ఆపత్కాలానికి కాస్త తిండి వెంట ఉండాలని నియమం పెట్టుకొన్నారు. బయలుదేరే ముందు సంచులు విప్పించి చూడడం నేను కళ్ళారా చూశాను. ఆ సంచి పరిగెత్తడానికి పనికివచ్చేది కాదు, బరువు. అది ఆగిపోవలసి వచ్చిన గంట కోసం. తనకు అపజయం కలగవచ్చునని ముందే ఒప్పుకొని, దానికి కావలసినది నడుముకు కట్టుకొని బయలుదేరేవాడిని దుస్సాహసి అనడం న్యాయమా?

ఇంకొక నియమం ఉన్నది. నడుమ మానుకొన్నవాడు ఏ దారిన దిగినా సరే, ముగింపు స్థలానికి వచ్చి తాను దిగివచ్చానని చెప్పి తీరాలి. చెప్పకుండా ఇంటికి పోవడం వారి దృష్టిలో మహాపరాధం. ఎందుకంటే అతని కోసం చీకట్లో కొండ గాలించేవారు జీతగాళ్ళు కారు. పనులు మానుకొని వచ్చే స్వచ్ఛంద రక్షక దళాలవారు. బయలుదేరినవారి లెక్క, తిరిగివచ్చినవారి లెక్క సరిపోయేదాకా నిర్వాహకుడు కదలడు. లెక్కల మాస్టారికి ఇంతకన్న ప్రీతికరమైన ఆట మరొకటి ఉంటుందా?

2008 అక్టోబరులో జరిగినది చెబుతాను. బారోడేల్ లోయలో రెండు రోజుల పర్వత పందెం. ఇద్దరిద్దరు జతగా, గుడారమూ తిండీ వీపున మోసుకొంటూ సాగవలసినది. సుమారు 2,500 మంది బయలుదేరారు. తుఫాను వచ్చి వాగులు పొంగి రోడ్లు మునిగాయి, పందెం మొదటి రోజే ఆపేశారు. ఆ రాత్రి వార్తల్లో 1,700 మంది ఆచూకీ తెలియడం లేదని మారుమోగిపోయింది. దేశమంతా వారిని మూర్ఖులని తిట్టింది. తెల్లవారేసరికి వారు ఏరీ? కొందరు గుడారాలలో, కొందరు పశువుల కొట్టాలలో తలదాచుకొని, కొందరు పక్క లోయల్లోకి నడిచి దిగి, క్షేమంగా ఉన్నారు. కొద్దిమందికి ఆస్పత్రి అవసరమయింది. ఒక్క ప్రాణమూ పోలేదు.

వ్యాకరణం చెప్పి బతికినవాడిని గనుక అడుగుతున్నాను. 'తప్పిపోయారు' అన్న వాక్యంలో ఎవరికి తప్పిపోయారు? తామెక్కడ ఉన్నారో వారికి తెలుసు. తెలియనిది వార్తలు చదివేవారికి. మనకు కనబడనివాడు దారితప్పినవాడే అనుకోవడం మనకున్న పాత జబ్బు. ఆ రోజు వాగులు ప్రమాదకరంగా ఉన్న మాట నిజం. అందరికీ అదృష్టమూ తోడయి ఉండవచ్చును. కానీ అంతమందిని కాపాడినది అదృష్టం ఒక్కటే కాదు, వీపున ఉన్న సంచి, చేతిలో ఉన్న పటం, వెనుదిరగడం అవమానం కాదన్న సంస్కారం.

రెండవది రూపాయి. దీని మీద నాకు కొంచెం కోపమే వచ్చింది, మాస్టారూ. మీరు ఏటేటా తిరుమల మెట్లు కాలినడకన ఎక్కుతారు. మోకాటి పర్వతం దగ్గర మోకాళ్ళు పట్టుకొని కూర్చున్న మిమ్మల్ని "ఎంత గిట్టింది?" అని ఎవరైనా అడిగారా? అది భక్తి, ఇది ఆట, రెండూ ఒకటి కావు, ఒప్పుకొంటాను. నేను చెప్పేది ఒక్కటే. కాళ్ళ నొప్పికి కాసుల్లో విలువ కట్టకపోయినా అది వ్యర్థం కాదని మీకు ముందే తెలుసు. తెలిసిన సంగతిని మా అమ్మాయి దగ్గరకు వచ్చేసరికి మరిచిపోయారు, అంతే.

ఆ కొండసీమలో ఆరాధ్యులెవరో చూడండి. జాస్ నేలర్ అనే ఆయన వాస్‌డేల్ లోయలో గొర్రెల కాపరి. 1936లో పుట్టి 2024లో కన్నుమూశాడు. యౌవనంలోనే మోకాలికీ వెన్నుకూ శస్త్రచికిత్సలు జరిగిన మనిషి. 1975లో 24 గంటలలోపు 72 శిఖరాలు తాకాడు. 1986లో ఆ ప్రాంతపు 214 కొండలను 7 రోజుల 1 గంట 25 నిమిషాలలో చుట్టివచ్చాడు. డెబ్బయ్యో ఏట, 2006లో, 70 శిఖరాలు ఒక రోజులోపే ముగించాడు. ఆయన జీవనాధారం గొర్రెలు, పరుగు కాదు. బిల్లీ బ్లాండ్ రాతిపని చేసే తాపీవాడు. కెనీ స్టువర్ట్ తోటమాలి. జాస్మిన్ పారిస్ పశువైద్యురాలు. 2019 జనవరిలో 268 మైళ్ళ స్పైన్ పందెంలో స్త్రీపురుషులందరినీ దాటి 83 గంటల 12 నిమిషాలలో మొదటి స్థానంలో వచ్చింది. అప్పటికి ఆమె పాలిచ్చే తల్లి. మజిలీలలో ఆగి బిడ్డకోసం పాలు తీసి పెట్టుకొన్నది. 'ఇద్దరు బిడ్డల తల్లికి ఎందుకు' అన్నారే, ఆ మాటకు ఇంతకన్న జవాబు నా దగ్గర లేదు.

బాబ్ గ్రాహమ్ కథ మరీ ముచ్చటైనది. కెజిక్ పట్టణంలో అతిథిగృహం నడుపుకొనేవాడు. 1932 జూన్‌లో టెన్నిస్ బూట్లు తొడుక్కొని, రొట్టె, ఉడికించిన గుడ్లు, పళ్ళు తిని, 24 గంటలలోపు 42 శిఖరాలు తిరిగి బయలుదేరిన చోటికి వచ్చాడు. దూరం సుమారు 66 మైళ్ళు, మొత్తం ఎక్కుడు సుమారు 27,000 అడుగులు. దానిని మరొకరు చేయగలగడానికి 28 ఏళ్ళు పట్టింది. 1960లో ఆలన్ హీటన్ చేశాడు. 1971లో ఆ చుట్టు పూర్తిచేసినవారికి ఒక క్లబ్బు ఏర్పడింది. అందులో చేరడానికి డబ్బు చాలదు, ప్రతి శిఖరం మీదా తోడున్న సాక్షి కావాలి. ఆ సాక్షులు తిండి మోస్తారు, దారి చూపుతారు, అర్ధరాత్రి వానలో దీపం పట్టుకొని నడుస్తారు. వారికి కూలి లేదు, పట్టికలో పేరు లేదు. నిన్న నాకు ఒకరు తోడు వచ్చారు గనుక నేడు నేను మరొకరికి తోడు వెళ్ళాలి, ఇంతే అక్కడి ఒప్పందం. మన పల్లెల్లో నాట్ల కాలంలో బదులు పనికి వెళ్ళడం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

బిల్లీ బ్లాండ్ 1982లో ఆ చుట్టును 13 గంటల 53 నిమిషాలలో పూర్తిచేశాడు. 36 ఏళ్ళు ఎవరూ దాన్ని దాటలేదు. 2018లో స్పెయిన్ దేశపు కిలియన్ జోర్నే అనే జగత్ప్రసిద్ధుడు వచ్చి 12 గంటల 52 నిమిషాలలో ముగించాడు. ఆ పరదేశికి కొండల మీద తోడు పరిగెత్తినవారు ఆ ఊళ్ళ పరుగువారే. చివర కెజిక్‌లోని మూట్ హాల్ దగ్గర అభినందించడానికి నిలబడి ఉన్నవాడు ఎవరనుకొన్నారు? బిల్లీ బ్లాండే. తన రికార్డు పోయే ఘడియకు తానే వచ్చి నిలబడడం ఎంతటి సంపదో రూపాయల్లో చెప్పగలరా మాస్టారూ?

ఇక్కడ నన్ను నేనే సరిదిద్దుకోవాలి. డబ్బు ముట్టకపోవడమే పవిత్రత అని నేను వాదిస్తున్నానని ఎవరైనా అనుకొంటే పొరపాటు. ఆ మడి వెనుక పెద్ద అన్యాయం దాగి ఉన్నది. వర్డ్స్‌వర్త్ కవి నివసించిన గ్రాస్మియర్‌లో 19వ శతాబ్దం నుంచి కొండపందెం జరుగుతున్నది. గెలిచినవారికి నగదు ఇచ్చేవారు. కాపరులు, కూలివారు ఆ కొద్దిపాటి సొమ్ము కోసం పరిగెత్తేవారు. అంతమాత్రం చేత వారిని 'వృత్తి' పరుగువారని ముద్రవేసి, తక్కిన పందేలలోకి దశాబ్దాలపాటు రానివ్వలేదు. తిండికి లోటు లేనివారు డబ్బు అంటరాదని శాసిస్తే, లోటున్నవారు వెలి అయ్యారు. కెనీ స్టువర్ట్ అలా నగదు పందేలలో పరిగెత్తి, తరువాత అనుమతి పొంది ఇటు వచ్చినవాడే. 1984లో బెన్ నెవిస్ శిఖర పందెంలో 1 గంట 25 నిమిషాల 34 సెకన్లతో ఆయన పెట్టిన రికార్డు దశాబ్దాలు చెక్కుచెదరలేదు. ఆయనను వెలిగానే ఉంచి ఉంటే నష్టం ఎవరికి?

స్త్రీల విషయమూ అంతే. 1955లో కాథ్లీన్ కనోకీ అనే 16 ఏళ్ళ అమ్మాయి బెన్ నెవిస్ పందెంలో పరిగెత్తబోతే అధికారికంగా అనుమతించలేదు. పురుషులు బయలుదేరిన తరువాత ఆమె విడిగా బయలుదేరి, కొండెక్కి దిగివచ్చింది. కొండ ఆమెను వద్దనలేదు, కాగితం వద్దన్నది. కాబట్టి ఆ సీమవారందరూ మొదటినుంచీ మహాత్ములని నేను చెప్పబోవడం లేదు. తప్పులు చేశారు, ఆలస్యంగానైనా దిద్దుకొన్నారు. నా వాదం డబ్బు పాపమని కాదు. విలువను నిర్ణయించే పీట మీద డబ్బును కూర్చోబెట్టకూడదని మాత్రమే.

ఈ మాట మాస్టారి కన్న ఎక్కువగా మా మేనల్లుడికి చెప్పాలి. అతడు హైదరాబాదులో ఉద్యోగి, మారథాన్లు పరిగెత్తుతాడు, ఉత్సాహవంతుడు. ఇదంతా విని, "మామయ్యా, ఇంత మంచి ఆటను వాళ్ళకు అమ్ముకోవడం రావడం లేదు. దారంతా గుర్తులు పెట్టి, పెద్ద కంపెనీలను పిలిచి, రుసుము పదింతలు చేసి, అందరికీ పతకాలు ఇస్తే ప్రపంచమంతా వస్తుంది" అన్నాడు. మాస్టారిది నింద, ఇతనిది ప్రశంస. కానీ ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే తక్కెడ.

నాయనా, దారికి గుర్తులు పెట్టిన రోజున ఆ ఆటలో సగం చచ్చిపోతుంది. ఆ కొండల మీది గొర్రెలకు ఒక విద్య ఉన్నది. కంచె లేకపోయినా ప్రతి మంద తన కొండభాగం దాటిపోదు. ఎల్లలు తల్లిగొర్రె వెంట తిరిగి పిల్ల నేర్చుకొంటుంది. ఏదైనా ఒక మంద అంతరించిపోతే ఆ జ్ఞానమూ దానితో పోతుంది. మళ్ళీ కొత్త మందకు నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి మందలను చంపవలసి వచ్చినప్పుడు అక్కడి రైతులు భయపడినది అందుకే. ఆ ఏడు పందేలు కూడా ఆగిపోయాయి. పరుగువారు కొండలకు దూరంగా ఉండి రైతుల మాట మన్నించారు. పరుగువారి కొండజ్ఞానమూ ఇటువంటిదే. పెద్దవారి వెంట తిరిగి చిన్నవారు నేర్చుకొన్నది. బాణం గుర్తు చూసి పరిగెత్తేవాడికి అది అక్కరలేదు. అక్కరలేనిది ఒక తరంలో మాయమవుతుంది. పైగా ఆ నేల మెత్తనిది. వేలమంది తొక్కితే గాయపడుతుంది. గొర్రెలను మేపుకొనే రైతు సమ్మతి లేనిదే పందెమే లేదు. ఎదగడం అన్నిటికీ మేలు కాదు. కొన్ని చిన్నవిగా ఉంటేనే బతుకుతాయి.

ఇక మిగిలినది ర్యాంకు. కింది నుంచి నాలుగవ పేరు.

ఆ శనివారం ఏమి జరిగిందో చెబుతాను. నిజానికి నేను ఆ రోజు అమ్మాయికి మాన్పించే మాట చెప్పాలనే వెళ్ళాను. రెండో గంటకు శిఖరం మంచులో మునిగిపోయింది. మొదటివారు వచ్చారు, నడుమవారు వచ్చారు, మా అమ్మాయితో సమంగా పరిగెత్తే స్నేహితురాలూ వచ్చేసింది. అమ్మాయి జాడ లేదు. పది నిమిషాలు, ఇరవై, నలభై. నేను చెప్పబోయే మాటలను ఇంకా కఠినంగా దిద్దుకొంటూ గ్రామ మందిరం వాకిట్లో నిలబడ్డాను. నా పక్కన ఒక పెద్దాయన గొడుగు పట్టుకొని నిలబడి, ఏమీ అడగకుండా నా చేతిలో వేడి టీ పెట్టాడు. ఆఖరికి మంచులోంచి ఇద్దరు కనిపించారు. మా అమ్మాయి, ఆమె భుజం పట్టుకొని కుంటుతూ తెలియని ఒక యువతి. చీలమండ మడతపడి రాళ్ళ మధ్య కూర్చుండిపోయిందట. మా అమ్మాయి తన సంచిలోని పొడి అంగీ తొడిగి, మెల్లగా నడిపించుకొని వచ్చింది. ఆ యువతి పేరు పట్టికలో కింది నుంచి మూడవది. ముందు నువ్వు గీత దాటమని మా అమ్మాయి ఎంత చెప్పినా వినలేదట.

అక్కడ ఎవరూ మా అమ్మాయిని పొగడలేదు. గాయపడినవారి దగ్గర ఆగడం వారి నియమం. నియమం పాటించినందుకు పొగడ్త ఏమిటి? బ్రెడ్డు, సూపు ఇచ్చారు, అంకెలు సరిచూసుకొన్నారు. మిగిలిన ఇద్దరూ వచ్చేదాకా సుమారు ముప్పైమంది వానలోనే నిలబడి, మొదట వచ్చినవాడికి కొట్టినన్ని చప్పట్లు వారికీ కొట్టారు. మొదట వచ్చినవాడు కూడా ఆ ముప్పైమందిలో ఉన్నాడు.

మాస్టారూ, ఇది వినగానే "అయ్యో, ముందే చెప్పి ఉంటే అలా అనేవాడినా" అని మీరు అనబోతారు. అందుకే ఫోనులో చెప్పలేదు. ఈ కారణం చూపి మా అమ్మాయిని గట్టెక్కిస్తే, కారణం లేని 160వ పేరు సిగ్గుపడవలసినదే అని నేనూ ఒప్పుకొన్నట్లు. ఆమె తరువాత వచ్చిన చివరి ఇద్దరికీ ఏ కారణమూ లేదు. ఒకాయనకు 70 దాటాయి, మరొకామెకు అది మొదటి పందెం. శక్తికొద్దీ పరిగెత్తారు, అంత సమయం పట్టింది. వారి తరఫున కూడా ఈ టపా.

ఇప్పుడు నా నేరం. మన బడిలో ఆగస్టు 15కూ జనవరి 26కూ పరుగుపందేలు పెట్టేవాళ్ళం, గుర్తున్నదా? చేతిలో ఈల పట్టుకొని గీత దగ్గర నిలబడేవాడిని నేను, పేర్లు రాసేవారు మీరు. ముగ్గురు రాగానే నేను ఈల ఊది, వెనుక వస్తున్న పిల్లలను "చాలు, ఆగండి, పక్కకు తప్పుకోండి" అని అరిచేవాడిని, తరువాతి పందానికి ఆలస్యమవుతున్నదని. పరిగెత్తుతున్న పిల్లలు నడుమనే ఆగి, తలలు వంచుకొని వెళ్ళి వరుసలో కూర్చొనేవారు. అన్ని ఏళ్ళలో ఒక్క పిల్లవాణ్ణయినా గీతదాకా రానిచ్చామా, మొదటి ముగ్గురిని తప్ప? నాలుగో వాడి పేరు మీ పుస్తకంలో ఒక్కటైనా ఉన్నదా? మనం వారికి పరుగు నేర్పలేదు మాస్టారూ. పరిగెత్తడం ఎప్పుడు మానుకోవాలో నేర్పాము. ఆ పిల్లల్లో మా అమ్మాయీ ఉన్నది. ఆరో తరగతిలో ఒకసారి నా ఈల విని ఆగిపోయి, ఇంటికి వచ్చాక "నాన్నా, నేను ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాను కదా" అని అడిగింది. నేనేమి జవాబు చెప్పానో గుర్తులేదు. ఏదో సామెత చెప్పి ఉంటాను.

ఆ శనివారం ఆ వాకిట్లో నిలబడి, ముప్పై ఏళ్ళ తరువాత, ఆమె గీత దాటడం చూశాను. మాన్పించే మాట నోట రాలేదు.

అందరూ కొండలెక్కాలని నేను చెప్పడం లేదు. నా మోకాళ్ళకు మేడమెట్లే కొండలు. ఎవరైనా బిడ్డలను తోడు లేకుండా, నేర్పు లేకుండా మంచు కొండల మీదికి పంపమని అంతకన్నా చెప్పను. మనం ఎరిగిన కొలతబద్దకు అందనంత మాత్రాన ఒక పని పనికిమాలినది కాదని చెబుతున్నాను. కొలతబద్ద పొట్టిదై ఉండవచ్చును.

మాస్టారూ, కోపం వస్తే ఫోను చేసి తిట్టండి, పడతాను. వచ్చే ఏడు వెళ్ళినప్పుడు ఆ గ్రామ మందిరంలో టీ కప్పులు కడగడానికి మనుషులు చాలడం లేదన్నారు. వస్తానని మాట ఇచ్చాను. చివరివారు వచ్చేదాకా పొయ్యి ఆర్పకూడదని అక్కడి పద్ధతి.

ఆ పట్టిక నా దగ్గర భద్రంగా ఉన్నది. 163 పేర్లూ ఉన్నాయి.

సెలవు.